వాలుగంటే ఏదండీ?

మొన్న ఏప్రిల్ ఆఖరున మా కాలువ కట్టేశారు. ఏటా కట్టేసేదే, కొత్తేం కాదు. దాళ్వా కోతలు అయిపోయాక ధవళేశ్వరంలో నీళ్ళు ఆపేస్తే, నాలుగైదు రోజులకి మా లాకుల కింద మోకాలి లోతు కూడా మిగలదు. ఆ మిగిలిన గుంటల్లోకి ఊళ్ళో కుర్రాళ్ళంతా దిగిపోతారు. ఒకప్పుడు మేమూ దిగినవాళ్ళమే. ఈసారి నేను గట్టు మీద నిలబడి చూశానంతే. నడుం నొప్పి అని ఇంట్లో చెప్పాను గానీ అసలు సంగతి, నలభై దాటాక బురదలో పడితే ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసేస్తారని భయం.

ఇద్దరు కుర్రాళ్ళు పాత పెయింటు బకెట్ నిండా చేపలు తెచ్చి నా ముందు పెట్టారు. చెయ్యి పెట్టి కలిపి చూశాను. పైనుంచి దాదాపు అడుగుదాకా చైనా గొరకలే, అంటే తిలాపియాలు. అడుగున నాలుగు జెల్లలు, ఒక మట్టగిడస, బొటనవేలంత పరిగలు కొన్ని. "వాలుగ పడలేదేంట్రా?" అన్నాను. వాళ్ళలో చిన్నవాడు నా మొహం చూసి, "వాలుగంటే ఏదండీ?" అన్నాడు.

పక్కనే విసురువల దులుపుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "ఆడికెలా తెలుద్దండి, ఆడు పుట్టాక ఈ కాలవలో వాలుగ పడితే కదా."

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఏమీ తోచక ఫోన్‌లో దాచుకున్న ఒక వ్యాసం తీశాను. ఇంగ్లండులో విండర్‌మియర్ అనే సరస్సులో ఎనభై ఏళ్ళుగా ఏటా చేపల్ని ఎలా లెక్కపెడుతున్నారో అందులో ఉంది. తినే చేప ఎన్ని, తినబడే చేప ఎన్ని, ఏ ఏడు ఏది పెరిగింది, ఏ ఏడు ఏది పడిపోయింది, అంతా లెక్క. చదువుతుంటే ఆ కుర్రాడి ప్రశ్న మళ్ళీ చెవిలో పడింది. వాలుగంటే చిన్న చేపల్ని వేటాడి తినే పెద్ద చేప, అది వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదు. కానీ వాలుగ మా కాలువలోంచి ఎప్పుడు పోయిందని వాడు ఎదురు ప్రశ్న వేసుంటే నా దగ్గరా జవాబు లేదు. "మా చిన్నప్పుడు ఉండేది" తప్ప ఇంకో ముక్క చెప్పలేను.

అందుకే ఈ పోస్టు. నా మాట ముందే చెప్పేస్తాను. మన డెల్టాలో చేపలు ఎందుకు తగ్గాయి అని వాదించుకోవడంలో మనం మహా గట్టివాళ్ళం, ఏ చేప ఎప్పుడు ఎంత తగ్గిందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాం. ఆ లెక్క మార్కెట్‌లో దొరకదు. ఏటా మన కళ్ళముందు ఎండిపోయే కాలువలో దొరుకుతుంది. (పులస గురించి ఇందులో ఏమీ లేదు. పులస గురించి రాయడానికి రాష్ట్రంలో సగం మంది ఉన్నారు.)

టీ కొట్టు దగ్గర తీర్పులు

చేపలేమయ్యాయని మా ఊరి టీ కొట్టు దగ్గర అడిగి చూడండి. వరి రైతు చెరువుల వాళ్ళని చూపిస్తాడు. చెరువు రైతు వరిచేలో కొట్టే పురుగుమందుని చూపిస్తాడు. ఇద్దరూ కలిసి డ్రైన్లోకి వదిలే ఫ్యాక్టరీ నీళ్ళని చూపిస్తారు. వలవేసేవాళ్ళు రాత్రిపూట బ్యాటరీ తెచ్చి నీళ్ళలో కరెంటు పెట్టేవాళ్ళని చూపిస్తారు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే మోపు అడ్డమొచ్చిందన్నట్టు ఒకరి మీదినుంచి ఒకరి మీదికి పోతూనే ఉంటుంది. ఆ కథ కనీసం చీమ దగ్గర ఆగుతుంది. మా టీ కొట్టు కథ ఎక్కడా ఆగదు.

కాస్త చదువుకున్నవాళ్ళ తీర్పు ఇంకోటి ఉంది. మత్స్యన్యాయం అండీ, పెద్ద చేప చిన్న చేపని తింటుంది, ఎవడో తెచ్చి వదిలిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అన్నిటినీ మింగేసింది, అంతే. ఈ మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందంటే నేనూ కొన్నేళ్ళు నమ్మాను. ఆ చేప పెంపకం మీద నిషేధం ఉందనీ, అయినా దొంగచాటుగా పెంచుతున్నారనీ, వరదొచ్చినప్పుడు చెరువుల్లోంచి బయటపడుతుందనీ నాకూ తెలుసు. దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ ఒక్క విలన్ దొరికితే చాలు, మిగతావాళ్ళంతా ఇంటికెళ్ళి పడుకోవచ్చనేదే ఇందులో నాకు నచ్చనిది.

ఇక మన జ్ఞాపకాల సంగతి. మా తాత పట్టిన వాలుగ నా ఒకటో తరగతిలో మూరెడు ఉండేది. నేను ఇంటర్‌కొచ్చేసరికి ఆయన భుజం దాటింది. వాలుగ మీటరు దాటి పెరిగే చేపే కాబట్టి ఆయన పూర్తిగా కోశాడని అనలేను. కానీ మా ఇంట్లో ఎవరూ "ఆ ఏడు పరిగలు ఎన్ని పడ్డాయంటే" అని కథ మొదలుపెట్టగా వినలేదు. గుర్తుండేవి పెద్ద చేపలూ రుచి చేపలూ. చిన్న చేప ఎవరి జ్ఞాపకంలోనూ లేదు, కూరలో తప్ప. డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో ఇలాంటి సంగతే రాశాడు. ప్రతి తరమూ తాను మొదట చూసిన నీళ్ళనే అసలు నీళ్ళనుకుంటుంది, అంతకు ముందు పోయింది దాని లెక్కలోకి రాదు. బకెట్ పట్టుకున్న ఆ చిన్నాడికి చైనా గొరకలతో నిండిన కాలువే నిండు కాలువ.

విండర్‌మియర్ వాళ్ళు చేసిన విసుగు పని

విండర్‌మియర్ ఇంగ్లండులో అన్నిటికన్నా పెద్ద సహజ సరస్సు, పొడవు ఓ పదిహేడు కిలోమీటర్లు. అందులో పైక్ అనే వేటచేప ఉంది. మన కొర్రమేనుకి చుట్టం కాదు గానీ బుద్ధి అదే, నాచు చాటున కదలకుండా ఉండి ఒక్కసారిగా అందుకుంటుంది. అది తినే చేపల్లో ముఖ్యమైనది పెర్చ్, ఒంటి మీద నల్ల చారలుండే చేప. రెండో ప్రపంచ యుద్ధంలో తిండికి కటకట వచ్చినప్పుడు, 1941లో, ఈ పెర్చ్‌ని తీగ బోనులతో పట్టి డబ్బాల్లో పెట్టి పెర్చైన్స్ అన్న పేరుతో అమ్మారు. 1944 నుంచి పైక్‌ని కూడా వలలతో తీయడం మొదలుపెట్టారు.

యుద్ధం అయిపోయింది, డబ్బా చేపలు ఆగిపోయాయి. మనమైతే బోనులు పాతసామానుకి వేసేవాళ్ళం. వాళ్ళు వేయలేదు. 1929లో పెట్టిన మంచినీటి జీవశాస్త్ర సంఘం ఒకటి ఆ సరస్సు ఒడ్డున ఉండేది. అందులో పనిచేసేవాళ్ళు ఏటా అదే రుతువులో, అవే చోట్ల, అలాంటి బోనులే దించి పట్టినవాటిని కొలిచి రాసుకుంటూ పోయారు. చేప వయసు ఎలా తెలుస్తుందంటే మొప్పల్ని మూసే రేకు ఎముక మీద చెట్టు మానులో ఉన్నట్టు ఏడాదికో గీత పడుతుంది, దాన్ని లెక్కపెడతారు. కొన్ని వేల ఎముకలు, ఏళ్ళతరబడి. ఇంతకన్నా విసుగు ఉద్యోగం ఉండదేమో.

ఆ విసుగులోంచి తేలిన సంగతులు చూడండి. వేసవి వెచ్చగా ఉన్న ఏడు పుట్టిన పిల్లలు ఎక్కువ బతికాయి, చల్లటి ఏడు పుట్టినవి పోయాయి. ఇది పైక్‌కీ నిజమే, పెర్చ్‌కీ నిజమే. అంటే తినేదీ తినబడేదీ ఒకే ఏడు కలిసి పెరగొచ్చు. మత్స్యన్యాయం ప్రకారం ఇది కుదరదు మరి. ఆ తరవాత 1976లో పెర్చ్‌కి ఏదో రోగం తగిలింది. పెద్ద పెర్చ్‌లు నూటికి తొంభై ఎనిమిది దాకా చచ్చిపోయాయి. ఏ పైకూ తినలేదు, ఏ మనిషీ పట్టలేదు. ఆ ముందు ముప్ఫై ఏళ్ళ లెక్క లేకపోతే ఊళ్ళో ఏమనుకునేవారో ఊహించడం కష్టం కాదు. "పైక్ ఎక్కువైపోయిందండీ, అన్నిటినీ తినేసింది" అనేవారు. పైక్ కడుపు కోసి చూస్తే ఏముందో కూడా రాసిపెట్టుకున్నారు. వేసవిలో పెర్చ్ ఎక్కువ. చలికాలంలో చార్ అనే చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తే అదీ, దాంతోపాటు ట్రౌటూ. ఈ మధ్య దశాబ్దాల్లో నీళ్ళు వేడెక్కి రోచ్ అనే చేప పెరిగితే దానివైపు మళ్ళింది. ఒకటి లేకపోతే ఇంకోటి. తినే చేపా తినబడే చేపా తక్కెడలో రెండు పళ్ళేలు కాదన్నమాట. మధ్యలో ఎండ ఉంది, రోగం ఉంది, వల కన్ను సైజుంది, పక్కనున్న వేరే చేప ఉంది.

ఇది చదివి మురిసిపోయాను గానీ, వెంటనే ఒక అడ్డు ప్రశ్న వచ్చింది. అంత ఓపిక మనకెందుకు, మార్కెట్‌లో ఏం చేపలొస్తున్నాయో చూస్తే సరిపోదా?

మార్కెట్ అబద్ధం చెబుతోంది

సరిపోయిన సందర్భం ఒకటి ఉంది, అదీ చాలా పేరున్నది. ఉంబెర్తో డాంకోనా అనే ఇటలీ జీవశాస్త్రవేత్త ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డునున్న రేవుల చేపల మార్కెట్ల లెక్కలు తిరగేశాడు. ఫియూమే రేవుకి వచ్చిన చేపల్లో సొరలూ వాటి జాతి వేటచేపలూ 1914లో నూటికి పన్నెండు. మొదటి ప్రపంచ యుద్ధంలో వేట తగ్గింది. 1918కి ఆ వాటా ముప్ఫై ఆరైంది. వేట మళ్ళీ జోరందుకున్నాక 1923కి పదకొండుకి దిగింది. మనుషులు సముద్రం మీదికి వెళ్ళకపోతే పెద్ద చేపలు ఎందుకు ఎక్కువయ్యాయని ఆయన తన మామగారు వీటో వోల్టెర్రాని అడిగితే, గణితంలో దిట్టయిన ఆ పెద్దమనిషి 1926లో సమీకరణాలు రాసి చూపించాడు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా అంతకు ఏడాది ముందే అలాంటివే వేరేగా రాశాడు. నాకు అందులో అర్థమైనంత వరకు సారం ఇది. రెండు రకాలనీ ఒకే తీరున పడుతూ పోతే వేటచేప మీదే దెబ్బ ఎక్కువ పడుతుంది, తినబడేది సగటున పెరుగుతుంది. మనుషులు వేట ఆపేస్తే ఇది తిరగబడుతుంది.

సముద్రం సంగతిని కాలువకి అంటగట్టకూడదు, తెలుసు. అయినా వేలు పెట్టి చూశాను. మా కాలువల్లో వాలుగనీ కొర్రమేనునీ రేటు కోసం తరుముతూనే ఉన్నాం. వోల్టెర్రా మాట ప్రకారం ఈపాటికి పరిగలు బోదెల్లో, అంటే చేలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువల్లో, పొంగి పొర్లాలి. ఆ బకెట్ అడుగున ఉన్నవి గుప్పెడు.

ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, డాంకోనా మార్కెట్‌ని చూసి సముద్రాన్ని చదవగలిగాడంటే ఆ మార్కెట్‌కి వచ్చిన ప్రతి చేపా ఆ సముద్రంలోదే కాబట్టి. మన మార్కెట్ అలా కాదు. ఆకివీడు, భీమవరం వైపు ఏ చేపల మార్కెట్‌కైనా వెళ్ళండి. కొర్రమేనులు టబ్బుల్లో బతికే ఉంటాయి, ఏడాది పొడుగునా. పండుగప్ప ఐసు మీద వరసగా పడుకుని ఉంటుంది. వేటచేపలకి ఏం కరువొచ్చింది అనిపిస్తుంది. అవన్నీ సీడు వేసి, మేత పెట్టి, చెరువుల్లో పెంచినవి. కాలువలో కొర్రమేను ఆఖరిది చచ్చిపోయినా ఆ టబ్బులో నీళ్ళు కదలవు. ఏ డాంకోనా అయినా ఇప్పుడు మన మార్కెట్ లెక్కలు చూసి మన కాలువల గురించి రాస్తే, వేటచేపలు దివ్యంగా ఉన్నాయని రాసి వెళ్ళిపోతాడు.

మార్కెట్ మొత్తానికి నిజం చెప్పేది ఒక్క చోటు. గేటు బయట తడి గోనె పరుచుకుని ఒకావిడ కూచుంటుంది. కాటా ఉండదు, కుప్ప ఇంత అని అమ్ముతుంది. బొమ్మిడాయిలు, పరిగలు, ఇంగిలికాలు కలిపి ఉంటాయి. కాలువదీ డ్రైనుదీ అయిన చేప అక్కడుందంతే. ఆవిడ వారానికి ఎన్ని రోజులు వస్తుందన్నది నా దృష్టిలో పెద్ద సమాచారం. ఒకప్పుడు రోజూ వచ్చేది.

ఇప్పపిండి

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పకపోతే ఈ పోస్టు దొంగ పోస్టవుతుంది.

మా బాబాయికి చెరువుంది. మా వాటా పొలం కూడా ఆ చెరువులోనే కలిసి లీజుకి పోయింది. నా ఇంజినీరింగు ఫీజులు ఆ లీజు డబ్బులే. చెరువులో బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు పాత నీళ్ళలో మిగిలిన చేపల్ని చంపాలి, లేకపోతే ఒక్క కొర్రమేను ఉన్నా సీడు మిగలదు. దానికి ఇప్పపిండి వేస్తారు. ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన చెక్క, ఎకరాకి టను దాకా పడుతుంది. అందులో సపోనిన్ అనే పదార్థం చేప రక్తాన్ని విరిచేస్తుంది. కొన్ని రోజులకి విషం పోయి ఎరువుగా మిగులుతుంది. రైతుకి ఇంతకన్నా చక్కని మందు లేదు. ఇలా చంపేవాటికి పేరు కలుపు చేపలు. చేలో కలుపు మొక్క ఎలాగో చెరువులో పరిగా, జెల్లా, గొరకా, వాలుగా అలాగ.

నాకప్పుడు పన్నెండేళ్ళు. పొద్దున్నే ఇప్పపిండి చల్లారు. ఎండెక్కేసరికి నీళ్ళ మీద చేపలు నోళ్ళు తెరుచుకుని తేలాయి. మొదట చిన్నవి. గాలి పీల్చి బతికే కొర్రమేనులూ, మార్పులనే చేపలూ చాలాసేపు కొట్టుకున్నాయి. ఒక పెద్ద కొర్రమేను గట్టుకొచ్చి గడ్డిలో తల పెట్టింది, దాని పక్కనే ఎర్రగా, అగ్గిపుల్లంత పిల్లల గుంపు. పిల్లల్ని కాసే చేప అది, ఆ స్థితిలో కూడా గుంపుని వదల్లేదు. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి బుట్టలో వేశాను. ఆ మందుతో చచ్చిన చేప తినొచ్చు. రెండు పూటలు పులుసు తిన్నాం, చాలా బావుంది. బావుందనే రాయాలి, ఇప్పుడు కన్నీళ్ళు కారిస్తే అబద్ధం.

ఇదంతా ఎత్తితే బాబాయి నవ్వుతాడు. "ఒరేయ్, దేశంలో చేపల దిగుబడిలో మన రాష్ట్రమే ముందు. మన లారీ ఆగితే కలకత్తాలో కూర లేదు. నీ పరిగలు ఎవడిక్కావాలిరా?" అంటాడు. దీనికి తేలిగ్గా జవాబు చెప్పేవాళ్ళని నేను నమ్మను. ఆయన చెప్పింది నిజం. ఈ చెరువులు లేకపోతే మా ఊళ్ళో సగం ఇళ్ళు పెంకుటిళ్ళుగానే ఉండేవి. కొల్లేరులో 2006లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఏడ్చినవాళ్ళలో ఒక్క ఎకరం వాటా ఉన్నవాళ్ళూ ఉన్నారు.

అయినా ఆయన ప్రశ్నకి జవాబుంది, నా దగ్గర కాదు, మా అమ్మమ్మ దగ్గర. ఊడ్పుల రోజుల్లో పొలం నుంచి వచ్చే కూలి ఆడవాళ్ళు కొంగులో పరిగలు మూటగట్టుకుని వెళ్ళేవారట. డబ్బులిచ్చి కొన్నది కాదు, బోదెలో ఊత వేస్తే పడింది. మా బాబాయి బొచ్చె కిలో ఇంత అని తూగుతుంది. పరిగకి ఆ రోజుల్లో ధరే లేదు, అందుకే అందరికీ దొరికింది. పైగా చిన్న చేపని తలా ముల్లూ కలిపి నమిలేస్తాం, ఆ ఎముకలోని కాల్షియం ముక్కల చేపలో రాదు. బంగ్లాదేశ్‌లో మోలా అనే ఇంతే చిన్న చేప మీద చేసిన పరిశోధనల్లో విటమిన్ ఎ ఎంత ఎక్కువుందో చూసి, కార్పు చెరువుల్లోనే దాన్ని కలిపి పెంచమని చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ కలుపు అనే మాట పోయిందన్నమాట.

పరిగ ఎక్కడ పుడుతుంది

వోల్టెర్రా లెక్క మా కాలువలో ఎందుకు తప్పిందో నాకు తోచింది చెబుతాను. ఆ లెక్కలో తినబడే చేపకి వేరే కష్టం లేదు, తినేవాడొక్కడే దాని కష్టం. మా పరిగకి తినేవాడు ఆఖరి కష్టం.

పరిగ అనే మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉంది, కోత కోశాక చేలో రాలి మిగిలిన వెన్ను. రెండూ చేలో ఏరుకునేవే కాబట్టి ఒకే మాట వచ్చిందేమో అని నా ఊహ, భాష తెలిసినవాళ్ళు కొట్టిపారేయొచ్చు. చేప మట్టుకు నిజంగానే చేలో పుట్టేది. తొలకరికి కాలువలు వదలగానే పరిగలూ జెల్లలూ మార్పులూ కొత్త నీటికి ఎదురెక్కి, బోదెల్లోంచి తూముల్లోంచి చేలల్లోకి పోయి, అరడుగు నీళ్ళలో గడ్డి మొదళ్ళ దగ్గర గుడ్లు పెట్టేవి. సార్వా చేను నాలుగు నెలలు వాటి పురిటిల్లు. ఇప్పుడు ఆ దారి ఎన్ని చోట్ల తెగిందో చూడండి. కాలువకి సిమెంటు లైనింగు, ఒడ్డున గడ్డి లేదు. బోదె పక్కన చెరువు గట్టు. చెరువు తూముకి జాలీ. చేలో మందు. చేను దాటి డ్రైన్లోకి పోతే గుర్రపుడెక్క కింద గాలి లేని నల్ల నీళ్ళు. ఒక్కో గొళ్ళెం చిన్నదే. అన్నీ కలిస్తే పరిగకి పురుడు పోసుకునే చోటు లేదు.

మరి చైనా గొరక ఎలా బతికింది? దానికి చైనాతో సంబంధమే లేదు, ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. దానికి చేను అక్కర్లేదు, తొలకరి అక్కర్లేదు. తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లల్నీ కొన్నాళ్ళు నోట్లోనే దాస్తుంది. నల్ల నీళ్ళైనా, కాస్త ఉప్పు నీళ్ళైనా, సిమెంటు గోడ పక్కనైనా ఏడాదికి ఎన్నోసార్లు పిల్లల్ని పెడుతుంది. పురిటిల్లు నోట్లోనే మోసుకు తిరిగేదానికి ఊళ్ళో ఇళ్ళు కూలితే ఏంటి?

ఇక వాలుగ పోవడం కూడా నాకు వేరేగా కనపడుతోంది. దాన్ని మనం పట్టి తిన్నది నిజం. ప్రపంచ స్థాయిలోనే దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో పెట్టారు. దాని శాస్త్రీయ నామంలో వల్లాగో అనేది మన వాలుగే, తెలుగు మాటే లాటిన్ వేషం వేసుకుంది. పేరు శాస్త్రంలో మిగిలింది, చేప కాలువలో మిగల్లేదు. కానీ పట్టడం ఒక్కటే కారణమైతే, వల ఆపేస్తే తిరిగి రావాలి. తినడానికి పరిగ లేనిచోటికి ఏ వాలుగ తిరిగొస్తుంది? చిన్నది లేకపోతే పెద్దది ఉండదు. మత్స్యన్యాయం అనే మాట కనిపెట్టిన పెద్దలు చేపల్ని కాదు, రాజుల్ని చూసి ఉంటారు.

దీనికి ఎదురు ఉదాహరణ మీరు చెప్పకముందే నేనే చెబుతాను, విక్టోరియా సరస్సు. ఆఫ్రికాలో ఆ సరస్సులోకి 1950ల్లో, 60ల్లో నైల్ పెర్చ్‌ని వదిలారు, అది మన పండుగప్పకి దాయాది, రెండూ ఒకే ప్రజాతి. 1980లకల్లా అది విపరీతంగా పెరిగి, ఆ సరస్సులో తప్ప ఎక్కడా లేని చిన్న చేపల జాతులు వందల్లో మాయమయ్యాయి. అక్కడ పెద్ద చేప నిజంగానే తినేసింది. కాబట్టి వేటచేప నేరం చెయ్యదని నేననడం లేదు. ఎక్కడ చేసిందో, ఎక్కడ చెయ్యలేదో లెక్క చూసి చెప్పాలంటున్నాను. అదే సరస్సులో కూడా మురికినీరూ నాచూ ఎంత, నైల్ పెర్చ్ ఎంత అని ఇంకా వాదిస్తూనే ఉన్నారు.

నా మీద నాకే అనుమానాలు

ఏటా కాలువ ఎండినప్పుడు లాకుల దగ్గర చేపల్ని లెక్కపెడదాం అన్నది నా ఉద్దేశం. ఇందులో బొక్కలు లేకపోలేదు.

విండర్‌మియర్ సరస్సు, చేప అక్కడే పుట్టి అక్కడే చస్తుంది. మాది పారే కాలువ. మా గుంటలో పడిన జెల్ల ఏ ఊరి బోదెలో పుట్టిందో? ఒక్కో ఏడు కాలువ త్వరగా కట్టేస్తారు, ఒక్కో ఏడు పనులున్నాయని ఎక్కువ రోజులు ఆపుతారు. కుర్రాళ్ళు పట్టేది పెద్దదాన్ని చూసి, చిన్నదాన్ని వదిలేస్తారు, అప్పుడు నా బకెట్ లెక్క కాలువది కాదు, కుర్రాళ్ళ సరదాది. వరదొచ్చి ఏ చెరువు గట్టైనా తెగితే ఆ ఏడంతా శీలావతులే. అన్నిటికన్నా పెద్ద బొక్క, లెక్క ఉన్నంత మాత్రాన కారణం తెలిసిపోదు. పెద్ద నదుల మీద పనిచేయడానికి బారక్‌పూర్‌లో కేంద్ర సంస్థ ఉంది, వాళ్ళు చదువుకున్నవాళ్ళు. నేను సాఫ్ట్‌వేర్ మానేసి ఊరొచ్చి కూచున్నవాణ్ణి.

ఇవన్నీ ఒప్పుకుంటూనే అంటున్నాను, ఈ లోపాలన్నీ ఏటా ఒకేలా ఉంటే చాలు. విండర్‌మియర్ బోను కూడా సరస్సులో ఉన్న పెర్చ్‌లన్నిటినీ లెక్కపెట్టలేదు, బోనులోకి దూరినవాటినే లెక్కపెట్టింది. ఒకే బోను, ఒకే చోటు, ఒకే రుతువు కాబట్టి పోయినేటికీ ఈ ఏటికీ తేడా తెలిసింది. మనకి బోను కూడా అక్కర్లేదు. నీళ్ళు దించేది ఇరిగేషన్ వాళ్ళు, చేపలు పట్టేది పిల్లలు. ఇంత పెద్ద కాలువని ఏటా ఉచితంగా ఎండగట్టి అడుగు చూపించే ఏర్పాటు ఇంగ్లండు వాళ్ళకెక్కడుంది?

అందుకని ఈ ఏడు మొదలుపెట్టాను. ఒక రెండొందల పేజీల నోటుబుక్కు, కొలవడానికి టైలరు టేపు. ఒకే విసురువల, మా లాకుల కింద మూడో గుంటలో, కాలువ కట్టేసిన అయిదో రోజు పొద్దున, పది విసుర్లు. వల ఆ పెద్దాయనదే. రోజు కూలి ఇస్తానంటే ముందు నవ్వాడు, తరవాత తీసుకున్నాడు. ఆయన లేకపోతే నా పని మొదటి విసురుకే తప్పేది. నేను జెల్ల అని ఒక గడిలో రాస్తుంటే ఆపి, "అయ్యి మూడు రకాలండి" అని మూడింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి మీసాలూ ముళ్ళూ చూపించాడు. ముప్ఫై ఏళ్ళుగా మూడింటినీ ఒకే కూరగా తిన్నవాణ్ణి.

పదో విసురు అయ్యాక, పడని చేపల పేర్లు కూడా రాయాలని ఆయనే అన్నాడు. చెప్పుకుంటూ పోయాడు, నేను రాశాను. వాలుగ దగ్గరికొచ్చాక ఎదురుగా సున్నా పెట్టాను. ఆయన ఒప్పుకోలేదు.

"సున్నా ఏంటండీ. సంక్రాంతి ముందర పై లాకుల కాడ ఒకటి పడింది, నా కళ్ళతో సూసాను. ఒకటెయ్యండి."

"అది పై లాకుల దగ్గర కదా తాతా. ఇక్కడ, ఇవాళ పడినవే రాయాలి."

"లేదని రాసేత్తే నిజంగా లేదనుకుంటారండి."

చాలాసేపు వాదించుకున్నాం. నేను సున్నా కొట్టెయ్యలేదు. ఆయన వల భుజాన వేసుకుని, ఇచ్చిన కూలి డబ్బులు జేబులో సర్దుకుని, చెప్పకుండా వెళ్ళిపోయాడు. నిన్న టీ కొట్టు దగ్గర కనిపిస్తే పలకరించాను. మొహం తిప్పుకున్నాడు. వచ్చే ఏప్రిల్ లోపల ఆయన్ని ఎలాగోలా మంచి చేసుకోవాలి, ఆ వల ఇంకెవరి దగ్గరా లేదు.